చేయరాదు

ఇంతకు ముందు ఇది రాయలేకపోవడానికి రెండు కారణాలు. మొదటిది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. రెండోది, అక్షరాలు వచ్చాక ఒక మాటను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఈ సంగతి రాయాలంటే ఆ మాట రాయాలి. ఏడాదిపాటు కాగితం తీయడం, పెన్ను తీయడం, మళ్ళీ లోపల పెట్టేయడం. అందుకే ఈసారి దాన్నే ముందు రాశాను, పైన, పేరు రాసే చోట.

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో నాకు పని. జువాలజీ ల్యాబు ఊడ్చి, గాజు సామాను కడిగి, స్లైడులు తుడిచి పెట్టాలి. ల్యాబులో గోడ పొడుగునా పెద్ద పెద్ద సీసాలు, వాటిలో మందునీళ్ళలో నానుతున్న జంతువులు. సీసాల మీద పేర్లు తెలుగులో రాసి అంటించి ఉంటాయి. లోపల ఏముందో కంటికి కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేర్లతో నాకు పని పడలేదు. పాఠం చెప్పే మేడమ్, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, ఒకరోజు నన్ను అక్కడే పట్టుకుంది.

"ఇందులో ఏముంది?"

"వానపాం."

"అయితే ఈ కాగితం మీద ఉన్నదీ వానపామే. నాలుగే అక్షరాలు. ఒక్కొక్కటీ చూడండి."

అలా పలకా బలపం లేకుండా వానపాముతో మొదలుపెట్టాను. తర్వాత కప్ప. ఒత్తు అంటే ఏమిటో కప్ప నేర్పింది. మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయాక మేడమ్ ఒక అరగంట నాతో కూర్చునేది. రెండేళ్ళలో సీసాలన్నీ అయిపోయాయి. ఒక సీసా మీద "మేక కాలేయం" అని ఉంది. "ఇది కార్జం కదమ్మా" అన్నాను. "ఇంట్లో కార్జం అంటాం. పుస్తకంలో కాలేయం" అంది. ఒకే వస్తువుకి ఇంట్లో ఒక మాట, పుస్తకంలో ఒక మాట ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఒకే మాటకి ఇంట్లో ఒక అర్థం, పుస్తకంలో ఒక అర్థం ఉంటుందని మాత్రం తెలియలేదు.

మా ఆయన దర్జీ. కోట దగ్గర ఒక బట్టల షాపు అరుగు మీద మిషను వేసుకుని జాకెట్లు కుట్టేవాడు. నాకు మేనమామ కొడుకు. మాకు పిల్లల్లేరు. ఆయనకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. కొలతలు సుద్దముక్కతో గుడ్డ మీదే వేసుకునేవాడు. ఒక ఎండాకాలం కళ్ళు పచ్చబడ్డాయి. పసరు పోయించాం. తగ్గలేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, రక్తంలో ఎప్పటిదో పురుగు ఉందని, అది ఎక్కడ అంటుకుందో ఇప్పుడు చెప్పలేమని, కాలేయం గట్టిపడిపోయిందని అన్నారు. ఆయన జన్మలో చుక్క తాగలేదు. అయినా వీధిలో అందరూ తాగుడే అనుకున్నారు.

"తాగినోడికి తాగిన సుకమైనా మిగుల్తాది. నాకు ఉత్త పేరే మిగిలినాది" అనేవాడు.

ఆసుపత్రిలో ఉప్పు తగ్గించమన్నారు, మాత్రలు ఇచ్చారు, ఏమి తినాలో ఒక అచ్చు కాగితం ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు నాకు ఇప్పటికీ రాదు.

ఆ డిసెంబరులో ఒకరోజు మేడమ్ పెద్ద క్లాసు పిల్లలకి పాఠం చెబుతోంది. నేను తలుపు దగ్గర స్లైడులు తుడుస్తున్నాను. పాఠాలు నా చెవిన పడి పోతుంటాయి. ఆ రోజు కాలేయం అన్న మాట వినబడి చెయ్యి ఆగింది.

ఆటోఫాజీ అంటోంది. ఆటో అంటే నాకు తెలిసింది కోట దగ్గర ఆగేదే. కాదట. గ్రీకు భాషలో తన్ను తాను తినడమట. అదెలా తెలిసిందో చెప్పింది. ఏదో దేశంలో కొందరు ఎలుక కాలేయం మీద ఇన్సులిన్ ఏం చేస్తుందో చూద్దామని మొదలుపెట్టారట. కాలేయాన్ని నూరి, దాంట్లో ఒక జీర్ణరసం ఎంత ఉందో చూస్తే, ఉండాల్సినంత కనబడలేదట. మిగిలినదాన్ని చలిపెట్టెలో పెట్టి కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే ఎక్కువ కనబడిందట. అంటే ఆ రసం ఏదో సంచిలో దాక్కుని ఉంది, సంచి పాడై బయటపడింది. వాళ్ళు వెతికింది ఒకటి, దొరికింది ఒకటి. తర్వాత వేరే వాళ్ళు ఎలుక కాలేయంలోకి గ్లూకగాన్ అనే హార్మోను పంపి పెద్ద మైక్రోస్కోపులో చూశారు. సంచులు ఎక్కువయ్యాయి. వాటి లోపల కణం సొంత ముక్కలే సగం అరిగి కనబడ్డాయట.

"ఆకలి వేసినప్పుడు క్లోమం నుంచి గ్లూకగాన్ బయలుదేరుతుంది. కాలేయ కణం తనలో పాతబడినవీ పాడైనవీ మూటగట్టి అరిగించుకుంటుంది. దాంతోనే బతుకుతుంది. అన్నం తినగానే ఇన్సులిన్ వస్తుంది, ఇక చాలు అంటుంది" అని చెప్పింది.

ఆ క్లాసులో ఎంతమందికి అర్థమైందో తెలియదు. నాకు అర్థమైంది. నేను ఊడ్చే మనిషిని. కార్జంలోనూ ఒక ఊడ్చే మనిషి ఉంది. ఆకలి పిలిస్తే వస్తుంది, అన్నం వస్తే వెళ్ళిపోతుంది. అయితే మా ఆయనకి నేను పూటపూటా అన్నం పెట్టి ఆ మనిషిని బయటికి పంపేస్తున్నానన్నమాట.

మేడమ్ ఆ పాఠాన్నే తెలుగులో కాలేజీ పత్రికకి రాసింది. నాలుగు పేజీలు. నాకో జెరాక్స్ కాపీ ఇచ్చి, "నెమ్మదిగా చదవండి, తెలియనిది అడగండి" అంది. అప్పటికే ఆవిడకి నెలలు నిండుతున్నాయి. వారం తిరగకుండా పురిటికి పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆ నాలుగు పేజీలు చదవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. గ్లూకగాన్‌లో గ కింద లావత్తు చూసి ఒక సాయంత్రమంతా ఆగిపోయాను. కానీ ఎవరినీ అడగలేదు. నా జన్మలో మొదటి నుంచి చివరిదాకా నేనే చదివిన మొదటి కాగితం అది. ఇంకొకరి నోటితో చదివించుకోవడం ఇష్టం లేకపోయింది.

చివరి పేజీలో కింద ఇలా ఉంది: "కాలేయం గట్టిపడిన రోగులు ఉపవాసం చేయరాదు."

మా ఇళ్ళల్లో రాదు అంటే చేతకాదని. నాకు ఈత రాదు. మా వదినకి కుట్టు రాదు. రేషన్ షాపులో, బ్యాంకులో, బస్టాండులో, ఎవరు ఏ కాగితం చాచినా యాభై రెండేళ్ళు నేను అన్న మాట అదే, "నాకు సదవరాదు బాబూ" అని. ఆ ఒక్క రాదే నాకు తెలుసు. అందుకని నాకు అర్థమైంది ఇదీ: కార్జం గట్టిపడినవాళ్ళకి ఉపవాసం చెయ్యడం చేతకాదు. పాపం ఓపిక ఉండదు. పక్కన ఒకరు ఉండి చేయించాలి. "రోగులకు" అని లేదు, "రోగులు" అని ఉందని ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్క అక్షరం లేకపోవడం నా కంటికి ఆనలేదు.

ఆయన పక్కన కూర్చుని కాగితమంతా చదివి వినిపించాను. మిషను ఆపి విన్నాడు.

"అయితే ఆకలే మందంటావేటి?"

"కాగితం అలగే సెప్తన్నాది బావా."

"నీకు సదవొచ్చినాది కాబట్టి తెలిసింది. లేకపోతే ఈ ముక్క మనకెవుడు సెప్తాడు?"

ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో రాయను.

మాఘమాసంలో రామతీర్థం వెళ్ళి ఇద్దరం మొక్కుకున్నాం. శ్రావణం వచ్చేదాకా ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒక్కసారే అన్నం, మిగతా పొద్దంతా మంచినీళ్ళు. ఆయన ఒక్కడే చెయ్యలేడని నేనూ పట్టాను. మొగుడూ పెళ్ళాం కలిసి పట్టిన పొద్దు ఎవరు తప్పినా ఇద్దరిదీ పోతుందని మా అమ్మ చెప్పేది. అందుకని ఒకరికొకరం కాపలా. సాయంత్రం పక్కింట్లో పోపు వేసిన వాసన వస్తే ఆయన నా వైపు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన నవ్వి అటు తిరిగి పడుకునేవాడు.

రెండు నెలలకి పొట్టలో నీరు పెరిగింది. చేతులు, తొడలు తగ్గిపోయాయి. ఆయన టేపు తీసి తన జబ్బ కొలుచుకునేవాడు. "పొట్ట సావుకారుది, కాళ్ళు కూలోడివి. ఈ కొలతకి ఏ దర్జీ కుడతాడే?" అనేవాడు. చెత్త పోతోంది కాబట్టి తగ్గుతున్నాడని నేను అనుకున్నాను. మునుపటి కంటే మెల్లగా మాట్లాడితే, ఒళ్ళు తేలికపడిందని అనుకున్నాను. ఏది కనబడినా ఆ కాగితంలో దానికి ఒక అర్థం దొరికేది.

చైత్రంలో కోటబొమ్మాళి నుంచి మా వదిన రైలు దిగి వచ్చింది. ఆయనకి అక్క. పొలం పని చేసే మనిషి. సంచిలో చోళ్ళు, అదే రాగులు, డజను నాటుకోడి గుడ్లు తెచ్చింది. తమ్ముణ్ణి చూసి సంచి కింద పెట్టలేదు.

"ఏటే, నా తమ్ముడికి కూడెట్టడం మానీసావేటి?"

"ఒక్కపొద్దు వదినా. కార్జానికి మంచిది."

"ఏ వైద్యుడు సెప్పినాడు?"

"కాగితంలో ఉన్నాది."

"కాగితం కూడు తింతాదేటే? మనిషి తింతాడు. ఆడి సేతులు సూడు, మొక్కజొన్న దంటుల్లా అయిపోనాయి."

ఆయన మంచం మీంచి అక్కతో, "ఒప్పా, ఊరుకో. అది సదువుకున్నాది" అన్నాడు.

నేను అప్పుడన్న మాట నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది. "నీకు సదవరాదు వదినా. నీకు తెలీదు" అన్నాను.

వదిన అప్పుడు సంచి కింద పెట్టింది. తర్వాత, "అవునే. నాకు సదవరాదు. కంటికి కనబడతాది, అంతే" అంది. ఆ సాయంత్రం బండికే వెళ్ళిపోయింది. గుడ్లు వీధిలో పంచేశాను. చోళ్ళు డబ్బాలో పోసి అటక మీద పెట్టాను.

మేడమ్ ఆషాఢంలో, ఒక శుక్రవారం, తిరిగి పనిలో చేరింది. పిల్ల ఫొటోలు చూపించింది. నేను కాగితం తెచ్చుకున్నాను, మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి. ఖాళీ ల్యాబులో నిలబడి మొత్తం చదివి వినిపించాను. ఎక్కడా ఆగలేదు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. చివరి పేజీ అయ్యాక చెప్పాను.

"కార్జం గట్టిపడినోళ్ళకి ఉపాసం సేతకాదని రాసినారు కదమ్మా. అందుకే నేను దగ్గరుండి సేయిస్తన్నాను."

"ఎవరికి?"

"మా ఆయనకి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మాఘం నుంచి."

ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని తను రాసిన వాక్యం తనే మళ్ళీ చదువుకుంది. తర్వాత చాలా మెల్లగా, "చేయరాదు అంటే చేయకూడదు అని. చేతకాదని కాదు. చేయకూడదు" అంది.

నాకు వెంటనే అర్థమైంది. ఇరవై రోజులు పట్టలేదు.

ఆవిడ తనతో చదువుకున్న ఒక డాక్టరుకి ఫోను చేసి, స్పీకరు పెట్టింది. ఆ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బాగున్న కాలేయం రాత్రికి సరిపడా బలం దాచి పెట్టుకుంటుందట. గట్టిపడినదానికి దాచుకోవడానికి చోటుండదట. మనకి రెండు మూడు రోజుల పస్తు ఎంతో, వాళ్ళకి ఒక్క రాత్రి ఖాళీ కడుపు అంతట. లోపల ఏమీ దొరక్క ఒళ్ళు తన కండల్నే కరిగించుకుని తింటుందట. కొంచెం కొంచెంగా పూటపూటకీ పెట్టాలి, పడుకోబోయే ముందు కూడా పెట్టాలి అంది. నేను వింటూ అనుకున్నాను, నేను పిలిచిన ఊడ్చే మనిషి వచ్చింది, చెత్త అయిపోయాక గోడలు ఊడ్చుకుపోయింది.

"బాగవుతాడామ్మా?" అని అడిగాను.

"రేపు తీసుకురండి. చూద్దాం" అంది.

చూద్దాం అనే మాటకి పుస్తకంలో వేరే అర్థం ఉందేమో తెలియదు. నాకు తెలిసిన అర్థం ఒకటే.

మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "నేను చేయకూడదు అని రాయాల్సింది" అంది. ఆవిడ రాసింది సరిగ్గానే ఉంది. ఆ మాట ఆవిడతో అన్నాను.

శ్రావణానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆయన శ్రావణం చూడలేదు. ముందే తెలిసి ఉంటే ఇంకెన్నాళ్ళు ఉండేవాడని తర్వాత పెద్దాసుపత్రిలో అడిగాను. "అలా చెప్పలేమమ్మా" అన్నారు. చెప్పలేమంటే కొన్నాళ్ళు ఉండేవాడనే కదా. కర్మకి వచ్చిన వదిన నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడంటుందా అని ఇప్పటికీ ఎదురు చూస్తున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం ఆటోలో ఇంటికి వచ్చాను. పాలు కాచి, అరటిపండు ఒలిచి ఆయన ముందు పెట్టాను. తెలిసిందేదీ చెప్పలేదు. నోరు రాలేదు.

"ఏటే, నన్ను పరీక్ష సేస్తన్నావా?" అన్నాడు. మాట తడబడుతోంది. "ఇన్నాళ్ళు పట్టినాం. పన్నెండు రోజులకి తప్పుతామా?"

"తాగు బావా. నీరసంగా ఉన్నావు."

"నాకు సేతకాదనుకున్నావు కదూ. సేసి సూపిస్తన్నాను." ఆయన పళ్ళెం నా వైపు తోసేశాడు, చాలా మెల్లగా. అంతకంటే గట్టిగా తోసే బలం లేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, ఆసుపత్రికి బయలుదేరే ముందు ఏదైనా పెట్టాలని అటక మీంచి వదిన తెచ్చిన చోళ్ళ డబ్బా దించాను. పక్కింటి మిక్సీలో పిండి పట్టించి, పొయ్యి వెలిగించి, అంబలి కాచాను. ఉండ కట్టకుండా కలుపుతూనే ఉన్నాను. దించి, రెండు గ్లాసుల్లో పోశాను. ఆయన్ని లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టాను. వీపు ఎముకలు నా అరచేతికి ఒక్కొక్కటీ తగిలాయి.

"అందులోనూ ఈవేళ సెనివారం కదే" అన్నాడు.

ఆయన చూస్తుండగా నా గ్లాసు ఎత్తి నేను ముందు తాగాను. సగం దాకా ఆపకుండా తాగాను.

"పొద్దు తప్పీసావు" అన్నాడు.

"తప్పీసాను. ఇంక నీదీ పోయింది. తాగు."

"ఎందుకే?"

"ఆ కాగితం నేను తప్పు సదివాను బావా. నువ్వు పొద్దు ఉండకూడదంట. చేయరాదంటే అదంట."

ఆయన నా ముఖం వంక చూశాడు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"అయితే ఇన్నాళ్ళూ నాకు ఉత్తినే ఆకలేసిందా?"

నేను అవునని అన్నాను. గ్లాసు ఆయన చేతికిచ్చాను. జారబోతే నేనే పట్టుకున్నాను. రెండు గుక్కలు మింగాడు. మూడోది నోట్లోనే ఉంచుకుని, మింగడం మరిచిపోయినట్టు కూర్చున్నాడు. గెడ్డం కింద గుడ్డ పెట్టి తుడిచాను. అంబలి చల్లారిపోయింది. లోపలికి తీసుకెళ్ళి, ఇంకొంచెం నీళ్ళు పోసి, మళ్ళీ వేడి చేశాను.